దొర ఇంటికి పోయిండు, మనం ఏ ఇంటికి పోవాలె?

(వాడ చరిత్ర – 11)



పోయిన భాగం చదివి ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, మెదక్ చర్చి కట్టిన పాస్నెట్ దొర చివరికి ఏమయ్యాడు? ఇక్కడే చనిపోయాడా?" అని. రెండు ముక్కల్లో జవాబు ఇచ్చాను. "లేదు తమ్ముడూ, 1939లో రిటైరై ఇంటికి వెళ్ళిపోయాడు." పంపించేశాక ఆ "ఇంటికి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మన తాత ముత్తాతల గురించి రాసేటప్పుడు ఈ మాటను ఇంత సులువుగా నేను ఎప్పుడూ వాడలేదు. ఈ భాగమంతా ఆ మాట గురించే.

ముందు కథ చెప్పుకుందాం. సికింద్రాబాద్‌లో ఉంటూ ఈ కథ తెలియకపోతే తప్పు మనదే. వెస్లియన్ మెథడిస్టులు నిజాం రాజ్యంలో తమ పనిని 1879 నుంచి లెక్కపెట్టుకుంటారు. అమెరికన్ బాప్టిస్టులు అంతకు కొన్నేళ్ళ ముందే ఇక్కడ అడుగుపెట్టారు. ఇద్దరికీ సికింద్రాబాదే ఎందుకు? కంటోన్మెంటు ఉంది కాబట్టి. బ్రిటిష్ సైన్యం ఉన్నచోట తెల్లవాళ్ళకు రక్షణ, ఇంగ్లిషు ఉత్తరాలు, ఆసుపత్రి, రైలు అన్నీ ఉంటాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే పాతికేళ్ళ కుర్రాడు 1895లో ఇక్కడికి వచ్చి మొదట చేసిన పని తిరుమలగిరిలో బ్రిటిష్ సిపాయిలకు ప్రసంగాలు చెప్పడం. ఈ సంగతి దాచాల్సిన అవసరం లేదు. మరుసటి ఏడాది, 1896లో మెదక్ చేరాడు. అక్కడి నుంచి నలభై ఏళ్ళకు పైగా ఆ ఊరిని వదల్లేదు.

మెదక్ వెళ్ళిన వాళ్ళందరికీ ఆ గుడి తెలుసు. రెండు వందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. ఒకేసారి ఐదు వేల మంది కూర్చోవచ్చంటారు. క్రిస్మస్ నాడు కులం, మతం చూడకుండా జనం బారులు తీరతారు. దాని గురించి టూరిజం వాళ్ళు చాలానే రాశారు, నేను రాయక్కర్లేదు. నాకు ముఖ్యమైనది కూలి. కరువు రోజుల్లో, మొదటి ప్రపంచ యుద్ధం ధరలు మండించిన రోజుల్లో, ఆకలి తీర్చే పనిగా ఆ కట్టడం సాగిందని మెదక్‌లో ఏ ముసలమ్మనడిగినా చెప్తుంది. కరువు పనే కదా అని తీసిపారేయకండి. వెట్టి రాజ్యమేలుతున్న కాలం అది. మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, మోట బొక్కెన కుట్టి ఇవ్వాలి, మాల కబురు మోయాలి, గడిలో ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి, పైసా అడగకూడదు. అలాంటి చోట రాయి మోస్తే కూలి ఇచ్చారు. పని చేస్తే దానికి ధర ఉంటుందని మనవాళ్ళలో చాలామంది మొదటిసారి చూసింది మిషన్ కాంపౌండులోనే అని నా అంచనా.

"బియ్యం కోసం మతం మారినోళ్ళు" అనే తిట్టు ఇక్కడే పుట్టింది. దానికి జవాబు ఒంగోలులో ఉంది. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పదిహేను నెలలు ఎవరినీ చేర్చుకోలేదు. కరువు సాయం ఆగిపోయాక, ఇక చేతిలో గింజ లేదని తెలిసి కూడా, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో మునిగారు. ఎక్కువమంది మాదిగలు. అంతకు పన్నెండేళ్ళ ముందే తల్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య ఎవరూ పిలవకుండా తనే వెతుక్కుంటూ వెళ్ళి బాప్తిస్మం అడిగాడు. ఆయన అప్పటికే యోగ మార్గంలో గురువుల దగ్గర ఏళ్ళ తరబడి తిరిగినవాడు. ఆయనకు బియ్యం ఎవరిచ్చారు? తిట్టేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గరికి రారు.

ఇక భాష సంగతి. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఇది వదిలిపెట్టలేను. పాస్నెట్‌ను జనం ఏమని పిలిచారు? దొర. ఆడ మిషనరీలను దొరసానులు. తెలంగాణలో ఆ మాట ఎంత బరువైనదో మీకు చెప్పాలా? గడిలో కూర్చున్నవాడూ దొరే, వాడలోకి వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకున్నవాడూ దొరే. మనవాళ్ళకు ఇంకో మాట లేకపోయింది. పైనున్న మనిషిని పిలవడానికి భాషలో ఉన్నది ఆ ఒక్క గిన్నే, మంచినీళ్ళైనా గంజైనా అందులోనే పోసుకోవాలి. మిషనరీలు మంచి దొరలే కావచ్చు, దొరలుగానే బతికారు. బంగళా ఎత్తుమీద, ఉపదేశి గది బడి పక్కన. ఆ దూరం చర్చిలో ప్రార్థన చేసినంతసేపు తగ్గి, మళ్ళీ యథాస్థానానికి వచ్చేది. బంగళాకు వెళ్తే వరండా మెట్ల దగ్గర ఆగినవాళ్ళ కథలు మన ఇళ్ళల్లో లేవా?

దొరలకు ఒక ఏర్పాటు ఉండేది. కొన్నేళ్ళు పనిచేస్తే ఫర్లో. ఏడాదో, ఇంకా ఎక్కువో స్వదేశంలో ఉండి, ఆరోగ్యం చూసుకుని, అక్కడి చర్చిల్లో తిరిగి చందాలు పోగుచేసి మళ్ళీ వచ్చేవారు. పిల్లలను చదువుల కోసం ముందే అటు పంపించేవారు. చివర రిటైర్మెంటు. అంటే వచ్చిన రోజు నుంచే వెళ్ళే రోజు ఒకటి ఎక్కడో రాసి ఉంటుంది. అందరూ హాయిగా వెళ్ళారని కాదు. కలరాకు, విషజ్వరానికి పోయి ఇక్కడి మట్టిలోనే కలిసినవాళ్ళు చాలామంది. వెళ్ళినా ఉండలేకపోయిన వాళ్ళూ ఉన్నారు. నెల్లూరు మిషన్‌లో లైమన్ జూయెట్ అని ఉండేవాడు. జబ్బుచేసి అమెరికా తిరిగి వెళ్తే, 1862లో ప్రావిడెన్స్‌లో జరిగిన సభలో ఆయన ముందే "ఈ తెలుగు మిషన్ దండగ, మూసేద్దాం" అన్నారు. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను, వాళ్ళ మధ్యే బతికి చస్తాను అని ఆయన పట్టుబట్టాడు. అలా 1865లో క్లౌను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ ముసలాయన మొండితనం లేకపోతే ఒంగోలు కథే లేదు. నాకు ఆయనంటే గౌరవం. అయితే ఆయన కూడా చివరికి అమెరికా వెళ్ళిపోయాడు. క్లౌ కన్నుమూసింది కూడా అక్కడే, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, 1910లో.

1939లో పాస్నెట్ వెళ్ళేనాటికి ఆయనకు డెబ్బైకి దగ్గర పడ్డాయి. మిషన్ దొరలకు వీడ్కోలు ఎలా ఉండేదో క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బంతిపూల దండలు, మెట్ల మీద గ్రూపు ఫోటో, చదివి వినిపించే సన్మాన పత్రం, కన్నీళ్ళు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. తర్వాత ఆయన మీద పుస్తకం వచ్చింది. తోటి మిషనరీ సాకెట్ రాసిన "పాస్నెట్ ఆఫ్ మెదక్", 1951లో. అదే సాకెట్ అంతకుముందు ఈ మిషన్ యాభై ఏళ్ళ చరిత్ర కూడా రాశాడు. ఈ మిషన్ ఉత్తరాలు, నివేదికలు, ఫోటోలు ఇవాళ లండన్‌లో, సోయాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అంటే మన వాడల గురించి రాసిన తొలి కాగితాలు కూడా దొరలతో పాటు ఇంటికి వెళ్ళిపోయాయి. మా ఊరి చరిత్ర చదవాలంటే నేను వీసా తీసుకోవాలి.

మా నాయనమ్మ వాళ్ళ నాయన మెదక్ పక్క పల్లెల్లో ఉపదేశి. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పగలు బడి, సాయంత్రం ప్రార్థన, మధ్యలో గొడవలు తీర్చడం, రోగులను ఎడ్లబండి మీద ఆసుపత్రికి చేర్చడం. దొర ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి బాప్తిస్మాలు ఇచ్చి రిపోర్టు రాసుకునేవాడు. మిగిలిన రోజులు ఎవరివి? ఉపదేశులవి, బైబిలమ్మలవి. ఆయన కూడా ఒకనాడు పని చాలించి ఇంటికి తిరిగొచ్చాడు. నాయనమ్మ ఆ సంగతి చెప్పేది: "దొర ఇల్లు సముద్రం అవతల ఉండె. మా నాయన ఇల్లు చెరువు కట్ట అవతల ఉండె. దొర ఓడెక్కి పోయిండు, ఆయనకు ఇల్లు దొరికింది. మా నాయన నడుసుకుంట వచ్చిండు, ఊరు మాత్రం ఆయనను ఊర్లెకు రానీయలె." ముప్పై ఏళ్ళు ఊరూరా చదువు చెప్పిన మనిషి తన సొంత ఊళ్ళో బొడ్రాయి దాటేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకున్నాడు.

మనవాళ్ళు మిషనరీలుగా పరాయి దేశం వెళ్ళలేదా అని అడగొచ్చు. వెళ్ళారు. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి "ట్రూరో" అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరింది మొదలు 1911 దాకా లక్షా యాభై రెండు వేల మంది కూలీలను గిరిమిట్ కాగితాల మీద వేలిముద్ర వేయించుకుని చెరకు తోటలకు, తేయాకు తోటలకు పంపారు. అందులో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ కోసం తెలుగు బాప్టిస్టులు తమలో తామే చందాలు వేసుకుని 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను పంపారు. తెల్లవాళ్ళ సొమ్ముతో కాదు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే నటాల్‌లోని కియర్స్నీ తేయాకు తోటల్లో ఆయన తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపించాడు. పంపిన సంస్థ పేరు గమనించండి, తెలుగు బాప్టిస్టు "హోం" మిషనరీ సొసైటీ. సముద్రాలు దాటి పంపినా వాళ్ళ లెక్కలో అది హోమే. మనవాళ్ళు చెమటోడుస్తున్న చోటల్లా ఇల్లే అనుకున్నారేమో. పన్నెండేళ్ళు పనిచేసి 1915లో ఆయన అక్కడే చనిపోయాడు. రిటైరై ఓడ దిగే రోజు ఆయనకు రాలేదు. ఆయన మీద ఇక్కడ తెలుగులో ఎన్ని పేజీలు ఉన్నాయో మీ కాలేజీ లైబ్రరీలో వెతికి చూడండి.

మళ్ళీ 1939కి వద్దాం. ఆ ఒక్క ఏడాదిలో హైదరాబాద్‌లో ఏమేం జరిగాయో పక్కపక్కన పెట్టి చూడండి.

ఫిబ్రవరి 18న భాగ్యరెడ్డి వర్మ కన్నుమూశాడు. మాదరి భాగయ్య. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టినవాడు, బడులు నడిపినవాడు, జోగినుల గురించి కొట్లాడినవాడు. ఆయన వాదమంతా ఇల్లు గురించే. మనం ఆదిహిందువులం, ఈ నేల మూలవాసులం, మిగతావాళ్ళు తర్వాత వచ్చారు అన్నాడు. 1931 జనగణనలో నిజాం రాజ్యం మనవాళ్ళను ఆదిహిందువులుగా రాసుకునేలా చేశాడు. ఆ మాటలో "హిందూ" ఎందుకని ఇప్పుడు మనం వాదించుకోవచ్చు. వర్మ అన్న బిరుదు ఆర్యసమాజం ఇచ్చిందే కదా అని కూడా అనొచ్చు. నేనూ అంటాను. కానీ ఇల్లు ఎక్కడని అడిగితే "నేను నిలబడ్డ చోటే" అన్నవాడు ఆయన.

అదే ఏడాది ఆగస్టులో ఆర్యసమాజం హైదరాబాద్ సత్యాగ్రహం ముగిసింది. నిజాం ప్రభుత్వం మీద వాళ్ళ పోరాటం వేరే చర్చ. వాళ్ళ చేతిలో ఉన్న పనిముట్టు పేరు శుద్ధి. మతం మారిన అంటరానివాళ్ళను హోమం చేసి, జంధ్యం వేసి "తిరిగి ఇంటికి" తెచ్చుకోవడం. మరో పక్క బహదూర్ యార్ జంగ్ మనవాళ్ళను ఇస్లాంలోకి పిలుస్తున్నాడు. అందరికీ లెక్కలు కావాలి. మనం తలకాయల లెక్కలో ముఖ్యం. అదే ఏడాది పాస్నెట్ దొర ఇంటికి వెళ్ళాడు.

అంబేడ్కర్ ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. 1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనని చెప్పాక ఆయన గుమ్మం ముందు అన్ని మతాలవాళ్ళూ నిలబడ్డారు, మిషనరీలతో సహా. ఆయన క్రైస్తవం మీద రాసిన వ్యాసాలు చదవండి, రచనల ఐదో సంపుటంలో ఉన్నాయి. మిషనరీలు బడులు, ఆసుపత్రులు కట్టారు, మంచిదే, కానీ వాటి లాభం ఎక్కువగా పై కులాలు తీసుకున్నాయి, మతం మారిన అంటరానివాడి హక్కుల కోసం చర్చి నిలబడలేదు, మారినవాళ్ళు కూడా రాజకీయంగా నోరు మూసుకున్నారు అంటాడు. కఠినమైన మాట. మనలో కొందరికి నచ్చదు. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల ఆర్డర్ తెచ్చినప్పుడు క్రైస్తవులైన అంటరానివాళ్ళను అందులోంచి తీసేసింది. క్రైస్తవ రాజు పేరుతో నడిచే ప్రభుత్వం చేసిన పని అది. నిజాం రాజ్యానికి ఆ ఆర్డర్ నేరుగా వర్తించలేదు, కానీ తర్వాత వచ్చినదానికి నమూనా అదే.

తర్వాత వచ్చింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో మూడో పేరా. హిందువు కానివాణ్ణి షెడ్యూల్డ్ కులంవాడిగా లెక్కించరాదని. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే. మన దగ్గర దళిత క్రైస్తవులు బీసీ-సి, ఒక్క శాతం. ఆ ఏడాదే, 1950లో, పాస్నెట్ తన దేశంలో చనిపోయాడు.

మద్రాసులో సూసై అని చెప్పులు కుట్టే కార్మికుడు ఉండేవాడు. రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. అదే రోడ్డు, అదే పని, అదే కులం. క్రైస్తవుడు కాబట్టి ఆయనకు ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా అంతే వివక్ష ఉందని తగిన ఆధారాలు చూపలేదట. బంకు లేక ఎండలో కూర్చున్న మనిషే ఆధారం అని నేననుకుంటాను.

ఇంకో కేసు మన దగ్గరిది, విద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకోండి. గుంటూరు వైద్య కళాశాల కేసు, 1976. తల్లిదండ్రులు మాదిగలు, క్రైస్తవంలోకి మారారు. కొడుకు 1973లో ఒక సనాతన ధర్మ సంస్థ దగ్గర శుద్ధి చేయించుకుని హిందువునయ్యానని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఎస్సీ కోటాలో మెడికల్ సీటు వచ్చింది, తర్వాత రద్దు చేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. కోర్టు ఏమందంటే, క్రైస్తవుడికి పుట్టినా తిరిగి హిందువైతే తల్లిదండ్రుల పాత కులంలోకి రావచ్చు, ఆ కులంవాళ్ళు తమవాడిగా ఒప్పుకుంటే చాలు. 2015లో కె.పి. మను కేసులో ఇంకా వివరంగా చెప్పింది. తాతముత్తాతల కులం నిరూపించాలి, అసలు మతంలోకి తిరిగి రావాలి, సమాజం ఒప్పుకోవాలి. అంటే మతం మారితే కులం దాక్కుంటుంది, తిరిగొస్తే లేస్తుంది.

ఇంటికి తిరిగి రావడమంటే ఏమిటో ఇప్పుడు చూడండి. పాస్నెట్ ఇంటికెళ్తే ఆయనను మెథడిస్టు అయ్యగారుగా గౌరవించారు. మాదిగ పిల్లవాడు "ఇంటికి" వస్తే మాదిగ అవుతాడు. ఇంటిపేరు ఘర్ వాపసీ. ఏ ఇల్లది? గర్భగుడిలోకి రానిస్తారా, పెళ్ళికి పిల్లనిస్తారా, బావిలో బొక్కెన వేయనిస్తారా? వెనక్కి పిలుస్తున్న ఇంట్లో మన గది ఎక్కడుందో మనకు తెలుసు. చెరువు కట్ట అవతల.

మూడో పేరా తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2009లో ఒకసారి, 2023లో ఇంకోసారి తీర్మానం చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో, క్రైస్తవుడయ్యాక ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదని చెప్పింది. కులం పేరుతో తిట్టినవాడికి నువ్వు చర్చికి వెళ్తావని తెలిసే తిట్టాడు. వాడి దృష్టిలో కులం ఎక్కడికీ పోలేదు.

మనలోనే ఒక వాదం ఉంది, దాన్ని దాటేయను. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేరిస్తే చదువుకున్న క్రైస్తవ కుటుంబాలు ఉన్న కాస్త కోటా పట్టుకుపోతాయని. మా నాయన తరంలో ఈ భయం చాలా ఉండేది, వర్గీకరణ చర్చలో కూడా వినిపిస్తుంది. భయం అబద్ధం కాదు. కానీ కోటా పెంచమని అడగాల్సిన చోట పక్క గుడిసెవాణ్ణి లెక్కలోంచి తీసేయమని అడగడం నాకు మింగుడుపడదు. కామెంట్లలో వాదించండి, బూతులు వద్దు.

చివరిగా, మొదట మెసేజ్ పెట్టిన విద్యార్థి సంగతి. ఇది రాస్తున్నానని చెబితే రాత్రి మళ్ళీ రాశాడు. వాళ్ళమ్మ మెదక్ గుడిలో పిల్లాడికి బాప్తిస్మం ఇప్పించి ఒక పేరు పెట్టిందట. పదో తరగతి మెమోలో ఇంకో పేరు. ఎమ్మార్వో ఆఫీసులో సర్టిఫికెట్ కోసం విచారణకు వచ్చినవాళ్ళు ఇంటి గోడ మీద సిలువ క్యాలెండర్ ఉందా అని చూస్తారని, ఆ రోజు అమ్మ దాన్ని తీసి బియ్యం డబ్బా వెనక పెట్టిందని రాశాడు. "సార్, పోస్టులో నా పేరు వేయకండి" అన్నాడు.

"ఏ పేరు?" అని అడిగాను.

"రెండూ" అన్నాడు.